అరేబియాలో కుట్టిన గుండీ

తొంభైల చివర్లో, నేను నల్గొండకు బదిలీ అయి వచ్చాక, మా కాలేజీకి కంప్యూటర్లు వచ్చాయి. వాటి వెనకాలే వాటిని నేర్పడానికి ఒక కుర్ర లెక్చరరు వచ్చాడు. తీరిక దొరికితే అతను తెర మీద ఒక ఆట ఆడేవాడు. తెర నిండా ప్రపంచ పటం. ఏదో ఒక రాజ్యాన్ని పట్టుకుని, సైన్యం పెంచి, పొత్తులు కలిపి, పొత్తులు తెంపి, వందల ఏళ్లు పాలించాలి. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచాడు.

"సార్, మీరు హిస్టరీ గదా. గీ అరేబియా జూడుండ్రి. మధ్యయుగంల నిజంగ గిట్లనే ఉండెనా?"

కళ్లజోడు సర్దుకుని చూశాను. అంచుల వెంబడి రెండు మూడు రాజ్యాలు, సన్నటి గీతలు, నడుమ అంతా పచ్చగా బోడిగా ఉంది. పచ్చ అంటే చేను పచ్చ కాదు, పసుపు పచ్చ. నా వేలు దానంతట అదే తెర మీద దక్షిణం వైపు జరుగుతూ పోయింది.

"ఏం దేవులాడుతున్నరు సార్?"

"గుండీ," అన్నాను.

అతను నా చొక్కా వైపు చూశాడు. అన్నీ ఉన్నాయి. ఆ తర్వాత నాకేసి కాస్త జాలిగా చూశాడు. పటం సరైనదో కాదో నాకు తెలియదని చెప్పి బయటికి వచ్చేశాను. చెప్పింది నిజమే. కానీ ఆ 'తెలియదు' వెనక కల్వకుర్తిలో ఒక కథ నడిచింది.

ఎనభైల్లో నేను కల్వకుర్తి జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. నేను చెప్పేది మధ్యయుగం, నాకిచ్చింది మధ్యాహ్నం పీరియడు. రెండూ కలిస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. నేను కాకతీయుల గుర్రాల గురించి మొదలుపెట్టేసరికి వెనక బెంచీలోంచి గుర్రు వినిపించేది. ఇలా కాదని, ఏదైనా ఆటలాగా చెబితే బాగుంటుందేమోనన్న ఆలోచన అప్పుడే వచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లో మా బావమరిది హైదరాబాదు నుంచి అట్టపెట్టెలో ఒక ఆట తెచ్చాడు. ప్రపంచాన్ని జయించే ఆట. దాన్ని దర్జీ భాయ్ దుకాణానికి తీసుకెళ్లాను. శ్రీశైలం రోడ్డు మీద ఆయన దుకాణం, వెనక ఇల్లు. పక్కనే ఎరువుల దుకాణం. ఆదివారం సాయంత్రం దాని యజమానితో కలిపి మేం ముగ్గురం దర్జీ భాయ్ కత్తిరింపు బల్ల చుట్టూ చేరడం అలవాటు. ఎరువుల దుకాణపాయన అట్ట మీద చాలాసేపు వెతికాడు.

"సారూ, గిండ్ల కల్వకుర్తి యాడుంది?"

"కల్వకుర్తి లేదు. ఇండియా అంతా ఒకటే ముక్క."

"గట్లయితే నాకొద్దు గీ ఆట. నేను లేని ప్రపంచాన్ని నేనెందుకు గెలువాలె?"

దర్జీ భాయ్ ఇంకో మూల వెతుకుతున్నాడు. "అరబ్ గూడ లేదు సారూ. పక్క దేశంల కలిపేసిన్రు."

దాంతో మేమే ఒకటి తయారుచేసుకుందామనుకున్నాం. పటం గీసే బాధ్యత నాది, కుట్టే బాధ్యత దర్జీ భాయ్‌ది. బల్లంత తెల్ల గుడ్డ పరిచి నేను సుద్దతో గీతలు గీస్తే, ఆయన దాని మీద రంగురంగుల ముక్కలు అతికి మిషన్ వేశాడు. సముద్రం నీలం లుంగీ. రాచకొండ ఎవరిదో జాకెట్టు ముక్క, ఎర్రది. దేవరకొండ స్కూలు యూనిఫారం. ఆ కాలంలో ఆఫీసర్లందరూ సఫారీ సూట్లు కుట్టించుకునేవారు. మిగిలిన బిస్కెట్ రంగు గుడ్డంతా అరేబియా అయింది. రాజ్యాల మధ్య కుట్రలు అన్నిచోట్లా ఉంటాయి, మా దగ్గర కుట్లు కూడా ఉండేవి. సరిహద్దు తప్పని తేలితే విప్పి మళ్లీ వేయాలి. విప్పినచోట సూది బెజ్జాలు వరసగా మిగిలిపోయేవి. నా చరిత్ర జ్ఞానమంతా ఆ బెజ్జాల్లో లెక్కపెట్టుకోవచ్చు.

సైన్యానికి చింతగింజలు, గుర్రాలకు జాకెట్టు హుక్కులు, పందేనికి గవ్వలు. ఇక శిస్తు. అది నేను పెట్టిన నియమం, ఇప్పటికీ తలచుకుంటే నవ్వు వస్తుంది. మన రాజులు బతికిందే చెరువుల మీద. చెరువు కింద పొలం, పొలం మీద శిస్తు, శిస్తుతో సైన్యం. కాబట్టి పటంలో ఎక్కడ చెరువుంటే అక్కడ ఒక చొక్కా గుండీ కుట్టాలి, ఎన్ని గుండీలుంటే అంత శిస్తు. ప్రపంచంలో ఎక్కడైనా రాజ్యం నడిచేది చెరువుతోనే కదా అనుకున్నాం. ముగ్గురిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. చెరువు లేకుండా ఊరెలా ఉంటుందో మాకు ఊహకు అందేది కాదు.

రాచకొండ గుండీలతో మెరిసిపోయేది. ఎరువుల దుకాణపాయన రాచకొండ తీసుకున్నాడు. నేను ఓరుగల్లు. దర్జీ భాయ్ అరేబియా కావాలన్నాడు. గుర్రాలు అక్కడి నుంచే మోటుపల్లి రేవుకు వచ్చేవని నా సిలబస్‌లో ఉంది కాబట్టి నేనూ సరేనన్నాను. కానీ అరేబియాలో చెరువులు లేవు, అంటే గుండీలు లేవు, అంటే శిస్తు లేదు, అంటే గింజలు లేవు. గుర్రాలు అమ్ముకోవచ్చుగానీ వాటికి మేత పెట్టే దిక్కులేదు. ప్రతి ఆదివారం ఆయన ఓడిపోయేవాడు. ప్రతి ఆదివారం మళ్లీ అరేబియానే తీసుకునేవాడు.

"భాయ్, ఒక్కపారి దేవరకొండ తీసుకో రాదు?" అనేవాడు ఎరువుల దుకాణపాయన.

"నాది గదే," అనేవాడు దర్జీ భాయ్, హుక్కులు సర్దుకుంటూ.

మా ఆవిడ ఒకసారి టీ పట్టుకొచ్చి కాసేపు నిలబడి చూసింది. "మీ క్లాసుల పిల్లలకు నిద్రొస్తది, మీ ఆటల పెద్దోళ్లకు కొట్లాటొస్తది. చరిత్రంటే గీ రెండేనా?" అంది. నా దగ్గర మూడోది లేదు.

దర్జీ భాయ్ అరేబియాను ఎందుకు వదలడో మెల్లగా తెలిసింది. ఆయన ముత్తాత అరబ్బు సిపాయి. పాత కాలంలో ఇటువైపు సంస్థానాల వాళ్లు ఖజానాల కాపలాకు అరబ్బుల్ని పెట్టుకునేవారు, చావుష్‌లు అనేవారు వాళ్లను. అలా వచ్చినాయన ఇక్కడే ఉండిపోయాడు, ఇక్కడి ఆడపిల్లనే చేసుకున్నాడు. కాపలా పోయింది, కత్తి పోయింది, అరబ్బీ పోయింది. మిగిలింది కత్తెర.

ఒక ఆదివారం దర్జీ భాయ్ గవ్వలు వేయకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

"సారూ, బిడ్డకు సంబంధం వచ్చింది. హైదరాబాద్‌ల బార్కస్ పిలగాడు, వాళ్లు గూడ చావుష్‌లే, మోటర్ల మెకానిక్కు. మంచోళ్లు, కట్నం గిట్నం మాటే లేదు."

"మంచిదే కదా భాయ్."

"బిడ్డక్కూడ ఇష్టమే. ఫోటో సూపెడితే 'మీ మర్జీ' అన్నది. గప్పటి సంది ఆ ఫోటో ఎవ్వరికి దొరుకుతలేదు." ఆయన నవ్వబోయి ఆగాడు. "పిలగాని పెదనాయిన వచ్చే ఆదివారం వస్తుండు. ఒక్కటే అడిగిండు. అరబ్‌ల మీది ఏ ఊరు అని. వాళ్లల్ల గది చూస్తరట. ఊరు తెల్వనోళ్లు అసలు చావుష్‌లేనా అని వాళ్లింట్ల ఒకరిద్దరు అంటున్నరట. సారూ, పటం మీరే గీసిన్రు. మా ఊరు యాడుందో జర చెప్పాలె."

నేను గీసిన పటం. సఫారీ సూటు అరేబియా.

"చాచాకు ఏమన్నా గుర్తుందా?" అన్నాను.

చాచా అంటే దర్జీ భాయ్ తండ్రి. చూపు బాగా మందగించింది. గుమ్మం పక్క స్టూలు మీద కూర్చుని కాజాలు కుట్టేవాడు; కళ్లతో పనిలేకుండా వేళ్లే కుట్టేవి. అడిగితే వెంటనే మొదలుపెట్టాడు.

"మా తాత చెప్తుండె. రెండు దిక్కుల కొండలు. నడుమ ఊరు. ఇండ్లు మట్టివే గని గింత ఎత్తు, మన కోట బురుజు లెక్క. తేనె మస్తుంటదట. వానకు నీళ్లు గుట్టల మీదికెళ్లి దబదబ దుంకుతయట. ఊరి ముంగట చెరువు. చెరువు కట్ట మీద తంగేడు పూలు."

నేను రాసుకోబోయి ఆగాను. కొండలు సరే. తేనె సరే. అరేబియాలో తంగేడు పూలా? ఇందులో ఎంతవరకు అరబ్బు దేశం, ఎక్కడి నుంచి కల్వకుర్తి తాలూకా? తాత చూసిన ఊరికి మనవడు చూసిన ఊరు ఎక్కడ అతుక్కుందో కుట్టు కనబడడం లేదు. అంత నున్నగా కలిసిపోయాయి.

"అసలు ఊరి పేరేంది చాచా?"

"పేరు అనలె. 'ఊర్లె' అనెటోడు. గంతే."

ఆ వారమంతా నేను అరేబియా మీద పడ్డాను. అరబ్బుల గురించి నాకు తెలిసింది అరకొర అని చెప్పుకునేవాణ్ణి. పుస్తకాలు తిరగేస్తే అందులో అర కూడా ఎక్కువేనని తేలింది, కొర ఒక్కటే నాది. కాలేజీ లైబ్రరీలో ఉన్న మధ్యయుగ చరిత్రలో అరేబియా మొదట్లో బాగానే కనబడింది. మతం పుట్టింది, సైన్యాలు బయల్దేరాయి, రాజధాని ఇంకో దేశానికి మారింది. అంతే, దేశం మొత్తం పుస్తకంలోంచి లేచి వెళ్లిపోయింది. మళ్లీ వేరే పుస్తకంలో పెట్రోలు దొరికాక తిరిగొచ్చింది. మధ్యలో అన్ని వందల ఏళ్లు అక్కడ జనం ఏం తిన్నారో, ఎవరికి శిస్తు కట్టారో, అసలు కట్టారో లేదో ఒక్క ముక్క లేదు. అట్లాసులో అరేబియా రెండు పేజీల మధ్య పడింది, దక్షిణం వైపున్నదంతా బైండింగు మింగేసింది. ఎంత విప్పినా లోపలికి కనబడదు. ఇంకా విప్పితే లైబ్రేరియన్ కనబడతాడు.

మనుషుల్ని అడిగాను. హజ్ చేసొచ్చిన పెద్దాయన మక్కా మదీనా తప్ప ఏమీ చూడలేదన్నాడు. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినతను, "ఊర్లెక్కడియి సారూ, అంత రోడ్లు, ఏసీలే," అన్నాడు. నీళ్లే ఉండవని ఒకరు, వానొస్తే లారీలు కొట్టుకుపోతాయని ఇంకొకరు. అందరూ అక్కడికి వెళ్లొచ్చినవాళ్లే. నేను గీసింది తప్పని అందరూ ఒప్పుకున్నారుగానీ, ఏది ఒప్పో ఏ ఇద్దరూ ఒప్పుకోలేదు. శనివారం వెళ్లి దర్జీ భాయ్‌కి అదే చెప్పాను. ఆయన కత్తెరకు నూనె పెట్టుకుంటూ కూర్చున్నాడు.

ఆదివారం నేను వెళ్లేసరికి వాళ్లు వచ్చేశారు. ఆడవాళ్లు లోపలి ఇంట్లో ఉన్నారు. ముందు దుకాణంలో పిల్లవాడి పెదనాన్న, ఆయన తమ్ముడు. పెద్దాయన జామపండ్ల వ్యాపారి, సంతలన్నీ తిరిగినవాడు, తెలుగు మాలాగే మాట్లాడతాడు. ఎరువుల దుకాణపాయన కూడా ఉన్నాడు. పోయిన వారం ఆట మధ్యలో ఆగిపోయింది, తన వంతు తనకు రావాలని వచ్చాడు. బల్ల మీద పటం పరిచే ఉంది. తీసి మడతపెట్టడం ఎవరికీ తోచనట్టుంది.

చూస్తే బిస్కెట్ రంగు అరేబియాలో, కింది వైపు, ఒక తెల్ల గుండీ.

నాకంటే ముందు ఎరువుల దుకాణపాయన చూశాడు. "గిదేంది భాయ్? పోయిన వారం లేకుండె గదా. అరబ్‌ల చెరువెప్పుడు తవ్వినవ్?"

దర్జీ భాయ్ నేల చూశాడు. "నాయిన చెప్పిండు. అందుకే కుట్టిన."

"నాయిన చెప్తే ఎట్ల? ఎడారిల చెరువా? నాకు గుర్రాలు అమ్మెటోడివి నువ్వే, ఇగ సైన్యం గూడ నీదే అయితే రాచకొండ ఏం గావాలె?"

"జర ఆగు," అన్నాను నేను. అతిథుల ముందు రాచకొండ పరువు తీస్తోంది. కానీ ఆగాల్సిన సమయం దాటిపోయింది. పెద్దమనిషి లేచి బల్ల దగ్గరికి వచ్చాడు.

"క్యా హై యే?"

చెప్పాను. ఆట, గుండీలు, చెరువులు, శిస్తు. చెబుతుంటే నాకే వింతగా వినబడింది. ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు.

"ఎడారిల నీళ్లుండయని ఎవరన్నరు?" అన్నాడు ఎరువుల దుకాణపాయన వైపు తిరిగి. "మా దిక్కు మస్తు నీళ్లుంటయి. మా అబ్బాజాన్ చెప్తుండె."

ఆయన తమ్ముడు కూర్చున్నచోటు నుంచే అన్నాడు. "నీళ్లుంటే మనోళ్లు గింత దూరం ఎందుకొస్తుండె భాయ్‌జాన్? కరువొస్తేనే వచ్చిన్రు."

"కరువు కాదు. కొట్లాటలైతే వచ్చిన్రు."

"నాకు కరువనే చెప్పిండు."

"నీకు చిన్నప్పుడు చెప్పిండు. పెద్దయినంక నాకు వేరే చెప్పిండు."

అన్నదమ్ములిద్దరూ ఒక్క తండ్రి నోటి నుంచి విన్న దేశం ఒక్క పటంలో ఇమడలేదు. ఇప్పుడు అసలు ప్రశ్న వస్తుందని దర్జీ భాయ్‌కి తెలుసు, నాకు తెలుసు, లోపల గుమ్మం వెనక కదిలిన గాజులకు కూడా తెలుసు.

పెద్దమనిషి అడిగాడు. పటాన్ని కాదు, స్టూలు మీద కాజా కుడుతున్న చాచాను. "బడే మియా, మీది ఏ ఊరు?"

చాచా సూది ఆపలేదు. "పేరు ఎరుక లేదు. మా తాత ఊర్లె, ఊర్లె అనెటోడు. మీ ఇంట్ల గూర్చొని మీ ఊరి పేరు మీరంటరా? మనూరు అంటరు. ఆయినె గూడ గట్లనే అన్నడు. ఇగ గాడికి మళ్ల పోయేది లేకపాయె, పేరుతోటి పనేం పడలె." దారం పళ్లతో తెంపాడు. "కొండలున్నయి. నీళ్లున్నయి. గది ఎరుక."

రోడ్డు మీద శ్రీశైలం బస్సు పోయింది, అద్దాలు గలగలమన్నాయి. పెద్దమనిషి పటం మీద వేలు పెట్టి గుండీ దాకా వెళ్లాడు, అక్కడి నుంచి ఇంకోవైపు జరిగాడు, మళ్లీ వెనక్కి వచ్చాడు. ఆ వేలును నేను గుర్తుపట్టాను. లైబ్రరీలో అట్లాసు మీద వారమంతా నా వేలు తిరిగింది అలాగే.

"మాకు పేరుంది," అన్నాడు చివరికి. "చిన్నప్పటి సంది అందరం చెప్పుకుంటం. గని అది యాడుందో ఇయ్యాల్టిదాక నేను చూడలె. ఈడ వేలు పెట్టమంటే పెట్టలేను." తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు పైకప్పు వైపు చూశాడు. "మాకు పేరుంది, జాగ లేదు. మీకు జాగుంది, పేరు లేదు."

అని నా వైపు తిరిగాడు. "సారు, మీరు సదువు చెప్పెటోళ్లు. గీ చెరువు కింద మా ఊరు, వాళ్ల ఊరు ఒక్క తాననే పెడితే తప్పయితదా?"

అందరూ నన్నే చూశారు. క్లాసులో ఎప్పుడూ ఇంతమంది మెలకువగా నన్ను చూసింది లేదు. ఒప్పు అంటే అబద్ధం. తప్పు అనడానికి నా దగ్గరున్నది బైండింగు మింగిన సగం అరేబియా. అసలు ఊరు పెట్టాలంటే చెరువు ఉండాలన్న నియమమే నాది. అది ఓరుగల్లు నుంచి తెచ్చి ఎడారి మీద వేసినవాణ్ణి నేనే. ఒక ఆడపిల్ల పెళ్లి మా కత్తిరింపు బల్ల మీద ఆగి ఉంది, దాన్ని అటో ఇటో జరపాల్సింది మధ్యాహ్నం పీరియడు లెక్చరరు.

"తెల్వది," అన్నాను.

"తప్పని అయితే తెల్వది గదా?"

"తెల్వది."

"ఒప్పని గూడ తెల్వది."

"తెల్వది."

"బస్," అన్నాడాయన, ఎంతో తేలికపడినట్టు. "మా ఇంట్ల గూడ గంతే ఎరుక. ఇన్నేండ్ల సంది అందరం ఎరుకున్నట్టే ఉంటున్నం." బల్ల మీది దర్జీ సుద్ద తీసుకుని, గుండీ పక్కన తమ ఊరి పేరు పైకి పలుకుతూ ఉర్దూలో రాశాడు. దాని కింద పేరు లేకుండా ఒక గీత గీసి, "ఇది మీది," అన్నాడు దర్జీ భాయ్‌తో. "ఒక్క చెరువు కిందోళ్లం. ఇగ ఊరడిగెటోళ్లకు నేను చెప్త."

దర్జీ భాయ్ అలవాటు కొద్దీ బల్ల మీది దారపు ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. లోపల గాజులు మళ్లీ కదిలాయి, ఈసారి కొంచెం గట్టిగా.

ఎరువుల దుకాణపాయన మాత్రం గుండీ మీద నుంచి చూపు తీయలేదు. "అంత మంచిగనే ఉంది. మరి గీ చెరువు శిస్తు ఎవరికి?"

"ఇద్దరికి," అన్నాడు పెద్దమనిషి.

"గట్లయితే గుర్రాలు నాకు సస్తల ఇయ్యాలె," అని, ఆయన తన గింజల్లోంచి గుప్పెడు తీసి అరేబియా మీద పోశాడు. శిస్తు అనుకోవాలో, పెళ్లి చదివింపు అనుకోవాలో నాకు అర్థం కాలేదు. నియమాల్లో అలాంటిది లేదు.

లోపలి నుంచి సేమియా గిన్నెలు వచ్చాయి. అందరూ తింటుంటే చాచా స్టూలు జరుపుకుంటూ బల్ల దగ్గరికి వచ్చాడు. గుడ్డ మీద చేత్తో తడుముతూ, లుంగీ సముద్రం దాటి, సఫారీ సూటు ఎక్కి, గుండీ దగ్గర ఆగాడు. లాగి చూశాడు. గట్టిగానే ఉంది.

"భాయ్," అన్నాడు పెద్దమనిషితో, "మా ఊరి పేరు ఇంకోపారి చెప్పు."